పేర్ల వరుస

నా బీరువాలో, కరెంటు బిల్లులు పెట్టుకునే అరలో ఒక ప్రూఫు కాగితం ఉంది. దాని మీద ఎర్రసిరాతో నేను చేసిన దిద్దుబాట్లున్నాయి. అడుగున "ఓకే" అని రాసి సంతకం పెట్టాను. రిటైరైన రోజు కాలేజీ నుంచి ఇంటికి తెచ్చుకున్నవి రెండే, కప్పిన శాలువా, ఈ కాగితం. శాలువా ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

ఈమధ్య జగిత్యాలలో కొత్త లెక్చరర్లకు ఏదో శిక్షణ పెట్టి నన్ను పిలిచారు. పరిశోధన పత్రికకు పదకొండేళ్లు ఎడిటర్‌గా ఉన్నాను కదా, నాలుగు మాటలు చెప్పమన్నారు. మాట్లాడి కూర్చోగానే ఒకమ్మాయి లేచి, "సార్, ఎడిటర్ ఏం జేస్తడు, పబ్లిషర్ ఏం జేస్తడు, ఇద్దరికి తేడా ఏంది?" అని అడిగింది. ఎడిటర్ రాత మంచిచెడ్డలు చూస్తాడు, పబ్లిషర్ దాన్ని అచ్చువేసి జనంలోకి తెస్తాడు అన్నాను. అందరూ తలలు వంచుకుని రాసుకున్నారు. వాళ్లు రాసుకుంటుంటే నాకు సిగ్గేసింది. ఆ పదకొండేళ్లలో ఏ ఒక్కరోజూ నేను ఆ తేడా తెలిసి పనిచేయలేదు. ఆ సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది, నోరు రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మాది తెలుగులో మూడు నెలలకోసారి రావలసిన పత్రిక. మా వైపు పల్లెల సాగు, వలస, చేతివృత్తుల మీద పరిశోధన వ్యాసాలు వేసేవాళ్లం. మొదలుపెట్టింది మా పెద్దసారు. నాకు అర్థశాస్త్రం చెప్పిన గురువు, నా ఉద్యోగానికి దారి చూపించిన మనిషి. ఆయన రిటైరవుతూ ఒకరోజు నన్ను పిలిచి, "ఇగ పత్రిక నువ్వు జూసుకో" అన్నారు. ఏం చూసుకోవాలో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన ముందు నిలబడి ప్రశ్నలు అడగడం మా బ్యాచ్‌లో ఎవరికీ అలవాటు లేదు.

పబ్లిషర్ కోరుట్లలో ప్రెస్సు నడిపే ఆయన. ఊరంతా సేటు అంటారు, నేనూ అదే అనేవాణ్ని. తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. ఈయన అచ్చుపని నేర్చుకుని పెళ్లికార్డులతో నిలదొక్కుకున్నాడు. చదువుకున్నవాళ్లంటే ఆయనకు ఎక్కడలేని గౌరవం. ఆ గౌరవంతోనే పెద్దసారు అడగ్గానే పత్రికను తన పేరు మీద రిజిస్టర్ చేయించి అచ్చువేయడం మొదలుపెట్టాడు. పెళ్లిళ్లున్నన్నాళ్లు ఆయన మిషన్‌కు ఊపిరాడదు. మూఢం వచ్చి ముహూర్తాలు ఆగిపోతే అప్పుడు మా పత్రిక మిషనెక్కేది. అట్ట మీద ఏ నెల అచ్చయినా, అది బయటికొచ్చేది మాత్రం మూఢంలోనే. పత్రికల లెక్కలు చూసే ఢిల్లీ అధికారులు ఎవరైనా మా పత్రిక ఎందుకు వేళకు రాదని అడిగి ఉంటే శుక్రుణ్ని అడగమని చెప్పాల్సి వచ్చేది.

మా ఇద్దరిలో ఎవరి పని ఏదో ఎక్కడా రాసుకోలేదు. అట్టకు ఏ రంగు వేయాలని ఆయన నాకు ఫోన్ చేసేవాడు. ఈ వ్యాసం తీసుకుందామా వద్దా అని నేను ఆయనకు ఫోన్ చేసేవాణ్ని. చెరువుల మీద వచ్చిన ఒక వ్యాసం పేజీ దాటి నాలుగు వరుసలు మిగిలితే ఆ నాలుగూ ఎత్తేశాడు. అవి ముగింపు వాక్యాలు. పెళ్లికార్డులో విషయం కార్డు దాటకూడదు కదా, ఆయన లెక్క అది. రాసినాయన ఇప్పటికీ కనిపెట్టలేదు. ఇంకోసారి, వ్యాసాలను గుట్టుగా చదివి బాగోగులు చెప్పే ఇద్దరు సమీక్షకుల పేర్లను చివర్లో, కార్డుల్లో "బంధుమిత్రుల అభినందనలతో" అని వేసే చోట పెట్టించాడు. ఎవరు చదివారో రాసినవాళ్లకు తెలియకూడదు సేటూ అని ఆపితే మనసు కష్టపెట్టుకున్నాడు. కష్టపడినవాళ్ల పేరు దాచడం ఎక్కడి న్యాయమని అడిగాడు.

అలా తడుముకుంటూ నడుస్తుండగా ఆ వ్యాసం వచ్చింది.

రాసినామె సిరిసిల్లలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేది. ఇల్లు ఎల్లంతకుంట వైపు. పెద్దసారు దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న చివరి విద్యార్థిని. మా జగిత్యాల వైపు ఇబ్రహీంపట్నం మండలంలో మగవాళ్లు గల్ఫ్‌కు పోయిన ఇళ్లలో వరి, పసుపు సాగు ఎవరు నడిపిస్తున్నారన్నది ఆమె అంశం. సెలవు దొరికినప్పుడల్లా బస్సులు మారి అక్కడికి పోయేది. పసుపు ఉడకబెట్టే చోట, ఆరబోసిన కల్లాల దగ్గర కూర్చుని ఆడవాళ్లతో మాట్లాడేది. అందులో నాలుగో పట్టిక నన్ను పట్టేసింది. కొమ్ములు ఎవరు పెట్టారు, నీళ్లు ఎవరు కట్టారు, పసుపు మార్కెట్‌కు ఎవరు తీసుకుపోయారు అంటే ఆ ఆడవాళ్లు "నేనే" అన్నారు. ఈ ఎవుసం, అంటే సాగు, ఎవరిది అని అడిగితే వాళ్లే మామ పేరో, దుబాయిలో ఉన్న భర్త పేరో చెప్పారు. ఆ పట్టిక పక్కన పెన్సిల్‌తో "చాలా బాగుంది" అని రాసుకున్నాను.

వ్యాసాన్ని మూడుసార్లు తిప్పి పంపాను. మూడుసార్లూ ఆమె విసుక్కోకుండా సరిచేసింది. మొదటిసారి వచ్చినప్పుడే తన ఇబ్బంది చెప్పింది. థీసిస్ ఇవ్వాలంటే మొదటి రచయితగా కనీసం ఒక వ్యాసం అచ్చయి ఉండాలని వాళ్ల యూనివర్సిటీ నియమం. గడువు అప్పటికే రెండుసార్లు పెంచారు, ఇక పెంచరు. ఆ నెలాఖరు దాటితే ఆరేళ్ల పని నీళ్లపాలే. ఆమె పంపిన ప్రతిలో ముందు ఆమె పేరు, తర్వాత మార్గదర్శకుడిగా పెద్దసారు పేరు ఉన్నాయి. అదీ పద్ధతి. ఎవరు పొలాల వెంట తిరిగి రాశారో వాళ్ల పేరు ముందు, చూసి దారి చెప్పినవాళ్ల పేరు తర్వాత.

సేటుకు వాట్సాప్‌లో ప్రూఫు పంపడం నచ్చదు. కార్డు కింద పెళ్లిపెద్ద సంతకం లేనిదే ఆయన మిషన్ తిప్పడు, పత్రికకూ అదే నియమం. ప్రూఫులు కవరులో పెట్టి బస్సు డ్రైవర్‌తో జగిత్యాలకు పంపాడు. నేను దిద్ది, ఓకే రాసి, సంతకం పెట్టి వెనక్కి పంపాను. మూఢం పడింది, పత్రిక వచ్చింది, ఎప్పటిలాగే ప్రతుల కట్టతో పాటు దిద్దిన ప్రూఫులూ నా దగ్గరికి తిరిగి వచ్చాయి.

నాలుగు రోజులకు మధ్యాహ్నం బువ్వ తినే వేళ ఆమె మా స్టాఫ్ రూముకు వచ్చింది. సంచిలోంచి పత్రిక తీసి, ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టి, పేర్లు చూశారా సార్ అంది. చూశాను. రెండు పేర్లున్నాయి, తప్పుల్లేవు. బాగానే ఉన్నాయి కదమ్మా అన్నాను.

"పెద్దసారు పేరు ముంగట ఉన్నది సార్."

అప్పటికీ నాకు వెంటనే బుర్రకెక్కలేదు. అయితే ఏమైంది అన్నట్టు చూస్తూ కూర్చున్నాను. యూనివర్సిటీలో గుమస్తా పేజీ చూసి, నువ్వు మొదటి రచయితవు కాదు కదా, ఇది చెల్లదు అని తిప్పి పంపాడట. నెలాఖరుకు పన్నెండు రోజులుంది. ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. సగం రోజు సెలవు పెట్టి వచ్చానని, మూడింటి బస్సుకు పోవాలని మాత్రం చెప్పింది. "నేను చూసుకోలేదమ్మా" అన్నాను. కనుక్కుంటాను, ఏదో చేద్దాం అని పంపించాను.

ఆమె పోయాక కంప్యూటర్లో పాత ఫైలు తీశాను. అందులో ఆమె పేరే ముందుంది. మరి ఎవరు మార్చారు? మొదట నాకు తట్టింది పెద్దసారే. రిటైరయ్యారు, చివరి విద్యార్థిని, చివరి వ్యాసం. సేటుకు ఒక ఫోన్ కొట్టి తన పేరు ముందు పెట్టించుకున్నారేమో అనుకున్నాను. అంతటి మనిషి గురించి అలా అనుకున్నందుకు తప్పు అనిపించింది, అయినా అనుమానం వదల్లేదు. రెండు రోజులు ఆయన ఫోన్ చేసినా ఎత్తలేదు. మూడో రోజు కోరుట్ల బస్సెక్కాను.

ప్రెస్సులో గోడ నిండా పెళ్లికార్డుల నమూనాలు. సేటు కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. సంగతి చెప్పగానే ఆయన ముఖం వెలిగింది, మెచ్చుకోవడానికే వచ్చానని అనుకున్నట్టున్నాడు.

"నేనే మార్పిచ్చిన సార్. పెద్దాయన ఉండంగ చిన్నామె పేరు ముంగట ఎట్లేస్తం? కార్డుల తాత పేరు కింద ఏసి మనవరాలి పేరు మీద ఏస్తమా? జూసినోళ్లు మిమ్ములనే అంటరు."

వ్యాసాలకు ఆ పద్ధతి లేదని, ఎక్కువ పని చేసినవాళ్ల పేరే ముందుంటుందని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మరి పెద్దలకు మర్యాద ఎక్కడ పెడతారని అడిగాడు. ఎక్కడా పెట్టం అన్నాను. ఆయన నమ్మలేదు. ఆ మాట అంటున్నప్పుడు నాకూ అంత నమ్మకంగా లేదు.

"మరి మీరు ఓకే రాసిండ్రు గద సార్" అన్నాడు. ఎత్తిపొడుపు ఏమీ లేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. "చూసుకోలేదు సేటూ" అన్నాను మళ్లీ.

చాయ్ వచ్చింది. ఇద్దరం తాగుతూ గోడను చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆయనే అన్నాడు. "పత్రిక నాది, అండ్ల రాత మీది. గంత దాక ఎరికే. గీ పేర్లు ఎవలియి సార్? రాతల లెక్కనా, అచ్చు లెక్కనా?"

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, అంత సూటి ప్రశ్న నన్ను ఏ విద్యార్థీ అడగలేదు. రాతలో భాగమైతే తప్పు నాది, ఆయన ముట్టుకోకూడదు. అచ్చులో భాగమైతే తప్పు ఆయనది, నేను అడగకూడదు. రెండూ నిజమే అనిపించింది, రెండూ కాదనీ అనిపించింది.

సవరణ చీటీ అచ్చువేసి అన్ని ప్రతుల్లో అంటిద్దామన్నాను. సేటు తల అడ్డంగా ఊపాడు. పెద్దసారు మొదట కాదు రెండు అని అచ్చేసి పంచడం తన చేతుల మీద జరగదన్నాడు. కార్డులో పెద్దల పేరు దగ్గర తేడా వస్తే వాళ్లింటికి పోయి కాళ్లు పట్టుకుంటారు కానీ చీటీలు వేయరట. ముందు ఆయన దగ్గరికి పోదాం, ఆయన ఊ అంటే అప్పుడు చూద్దాం అన్నాడు. ఆ మాట ఎడిటర్‌గా నేను అనాల్సింది. నాకు భయం, అందుకే తట్టలేదు.

ఆదివారం ముగ్గురం పెద్దసారు ఇంట్లో కూర్చున్నాం. ఆమె పొద్దున్నే సిరిసిల్ల నుంచి వచ్చింది. సేటు తెల్లబట్టలు కట్టుకుని, పండ్లు పట్టుకుని, పెళ్లికి పిలవడానికి వచ్చినట్టు వచ్చాడు. కాసేపు వానల గురించి మాట్లాడాం. పెద్దసారు మమ్మల్ని ఒక్కొక్కరినే చూసి, విషయం ఏమిటన్నారు. నేను మొదలుపెట్టాను, మూడుసార్లు తడబడ్డాను, చివరికి అంతా చెప్పాను. ఆయన్ను అనుమానించిన సంగతి ఒక్కటే దాచాను.

ఆయన నింపాదిగా విన్నారు. "పత్రిక అందిన నాడే జూసిన. ఎడిటర్‌వు నువ్వు పెట్టినవ్ గద, ఏదో పద్ధతి ఉంటది అనుకున్న" అన్నారు. కిందికి చూస్తూ, "జూస్తె మంచిగనే అనిపించింది" అన్నారు.

నేను ఆయన్ను అనుమానించాను, ఆయన నన్ను నమ్మారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ గాభరాలో నేనన్న మాట ఇప్పటికీ నన్ను పొడుస్తుంది. ఎలాగూ అచ్చయిపోయింది, వచ్చే సంచికలో ఆమె పేరుతో ఇంకో వ్యాసం వేద్దాం అన్నాను. వచ్చే సంచిక వచ్చే మూఢానికి కానీ రాదు. అది ఆ గదిలో అందరికీ తెలుసు.

అంతవరకు నోరు విప్పని ఆమె అప్పుడు మాట్లాడింది. "సార్, నాలుగో పట్టిక ఒక్కసారి తియ్యుండ్రి."

పెద్దసారు తీశారు.

"ఎవుసం ఎవలిది అంటె ఆడోళ్లు మామల పేర్లు చెప్పిండ్రు. చదువు లేదు, పెద్దోళ్లకు భయపడ్తున్నరు అని రాసిన. గీడ అందరు చదివినోళ్లే. ఎవలు ఎవలికి భయపడి నా పేరు ఎన్కకు పెట్టిండ్రో నాకు సమజైతలేదు సార్."

సేటు చేతిలోని పండ్ల సంచి కింద పెట్టాడు. పెద్దసారు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "కాగితం తే బిడ్డా" అన్నారు.

తన చేత్తోనే రాశారు. ఊళ్లు తిరిగిందీ, రాసిందీ ఆమె, తాను సలహా చెప్పినవాణ్ని మాత్రమే, పంపిన ప్రతిలో ఆమె పేరే ముందుంది, అచ్చులో తారుమారైంది అని. సంతకం పెట్టి నాకిస్తూ, ఈ సవరణ కింద పత్రిక తరఫున ఎవరు సంతకం పెడతారు, ఎడిటరా పబ్లిషరా అని అడిగారు. నేను సేటును చూశాను, సేటు నన్ను చూశాడు. ఇద్దరం పెడతామన్నాను.

"మల్ల ఎవలి పేరు ముంగట సార్?" అన్నాడు సేటు, పూర్తి భయభక్తులతో.

ముందు ఆమె నవ్వింది, తర్వాత పెద్దసారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నాకూ అదే సందేహం వచ్చింది.

అప్పటికి మూఢం వెళ్లిపోయి కార్డుల పని మళ్లీ అందుకుంది. సేటు మిషన్ మీదున్న ఒక పెళ్లికార్డును ఆపి మా చీటీ వేశాడు. ఆయన సర్వీసులో ముహూర్తాన్ని ఆపి పత్రిక పని చేయడం అదొక్కసారే. అలవాటు ఎక్కడికి పోతుంది, మొదటి చీటీకి నాలుగు మూలలా పసుపు పెట్టి ఆమె చేతికిచ్చాడు. యూనివర్సిటీ గుమస్తా ఆ పచ్చటి మరకలేమిటని అడిగాడట. ఇబ్రహీంపట్నం పసుపు సార్ అని చెప్పిందట. గడువుకు ఇంకా రెండు రోజులుండగా థీసిస్ తీసుకున్నారు.

ఆమెకు డాక్టరేటు వచ్చింది, తర్వాత ప్రభుత్వ కాలేజీలో ఉద్యోగమూ వచ్చింది. నేను రిటైరయ్యేటప్పుడు పెద్దసారు ఆమెను ఎడిటర్‌గా పెట్టమన్నారు. ఆమె చేసిన మొదటి పని, ఒక పెద్ద కాగితం మీద అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, ఎడిటర్ తేల్చవలసినవి ఒక పక్క, పబ్లిషర్ తేల్చవలసినవి ఒక పక్క రాయడం. వ్యాసం తీసుకోవడం, మాట మార్చడం, తప్పును సవరించడం ఇటు. కాగితం, అట్ట, అచ్చు, పంపకం అటు. పేర్ల వరుస దగ్గరికి వచ్చేసరికి రెండు గళ్లూ కలిపేసి, "రచయితను అడగాలి" అని రాసింది. మేమిద్దరం చాయ్ తాగుతూ గోడను చూసినప్పుడు మాకు తట్టనిది అదే. సేటు దాన్ని పెళ్లికార్డుల నమూనాల మధ్య అంటించి వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు. అట్ట రంగు కోసం మాత్రం ఇప్పటికీ ఆమెకు ఫోన్ చేస్తాడు.

ఇక ఆ కాగితం సంగతి. ఇన్నేళ్లూ నేను అందరికీ చెప్పింది ఒకటే, చూసుకోలేదని. సేటు నమ్మాడు. ఇప్పటికీ కలిసినప్పుడల్లా ఆనాడు నా వల్ల మీకు మాట వచ్చింది సార్ అంటాడు. ఆమె నమ్మింది. రిటైరైన రోజు ఫైళ్లన్నీ ఆమెకు అప్పగించాను, ఆ ఒక్క ప్రూఫు తప్ప. ఆ ప్రూఫులో పేర్లున్న వరుసలో, పెద్దసారు పేరు తర్వాత కామా పడలేదు. అక్కడ ఎర్రసిరాతో కామా పెట్టింది నేనే. అంటే ఆ వరుస చదివాను. ఏ పేరు ముందుందో, ఏ పేరు వెనకుందో చూశాను. ఆ వ్యాసం మూడుసార్లు చదివినవాణ్ని, నాలుగో పట్టిక పక్కన చాలా బాగుంది అని రాసుకున్నవాణ్ని. అయినా ఆ రెండు పేర్లు చూస్తే నాకు వరుస సరిగ్గానే ఉన్నట్టు తోచింది. ఎందుకు అలా తోచిందో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియడం లేదు.

ఇది రాసి, ఆ ప్రూఫు కాగితాన్ని కూడా జతచేసి ఆమెకే పంపుతున్నాను. అచ్చుకు వెళితే సేటు కూడా చదువుతాడు, చదవనీ. వేయాలా వద్దా అన్నది ఎడిటర్ తేల్చాలి. అంతవరకు మాత్రం నాకు తెలిసింది.